రంగు, రుచి, వాసన మారని విషం

మా మదరసాలో ఫిఖ్హ్ పాఠం ప్రతి యేడూ నీటి అధ్యాయంతోనే మొదలవుతుంది. ఏ నీటితో వుజూ చెల్లుతుంది, ఏ నీటితో చెల్లదు, బావిలో ఏది పడితే ఎన్ని చేదల నీరు తోడి పారబోయాలి - ఇరవై ఆరేళ్ళుగా నేను చెబుతున్న పాఠమే ఇది. పారే నీటిలో, పెద్ద జలాశయంలో మాలిన్యం పడితే దాని ప్రభావాన్ని ఎలా గుర్తించాలో చెబుతూ మూడు గుర్తులను పిల్లలచేత వల్లె వేయిస్తాను: రంగు, రుచి, వాసన. ఈ మూడూ మారనంతవరకు ఆ నీరు పరిశుద్ధమే.

నిరుడు ఆ పాఠం నడుస్తుండగా పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు చెయ్యెత్తాడు. “హజ్రత్, మా ఇంటి బోరు నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా మామూలే. మరి అవి పాకే కదా? అయితే ఆ నీళ్ళతో పాలు పట్టినప్పుడు మా చెల్లెలి పెదవులు ఎందుకు నీలంగా మారాయి?”

తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. నాకు వెంటనే సమాధానం తోచలేదు. తోచకపోవడమే కాదు, ఆ ప్రశ్నలో నా తప్పు కూడా ఒకటి దాగి ఉన్నదని ఆ పిల్లవాడికి తెలియదు. నాకు మాత్రం తెలుసు.

ఆ కుటుంబం నివసించే పల్లె సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి సమీపంలో ఉన్నది. తల్లి జబ్బు పడటంతో మూడు నెలల పాపకు డబ్బాపాలు పట్టవలసి వచ్చింది. ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత ఆ పాప తాతగారు నన్ను ఆపి, “మౌలానా, ఈ బోరు నీళ్ళ మీద నాకు అనుమానంగా ఉంది. పసిపిల్లకు వాడవచ్చా?” అని అడిగారు. నేను ఏమాత్రం ఆలోచించకుండా, “బాగా మరగబెట్టి చల్లార్చి వాడండి, ఏమీ కాదు” అన్నాను. నా మాట మీద గౌరవంతో వారు నీటిని పావుగంటసేపు మరిగించి మరీ పాలపొడి కలిపారు. కొద్ది రోజులకే పాప పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరిగాయి. ఆసుపత్రిలో తీసిన రక్తం ఎర్రగా కాక గోధుమరంగులో ఉన్నదట. అల్లాహ్ దయవల్ల సకాలంలో చికిత్స అంది పాప బ్రతికి బయటపడింది. ఆ తరువాత నీటిని పరీక్ష చేయిస్తే అందులో నైట్రేటు పరిమితిని దాటి ఉన్నదని తేలింది.

తెలియని విషయంలో తెలిసినవాడిలా సలహా ఇవ్వడం ఎంతటి అపరాధమో విద్యార్థులకు బోధించే నేను, ఆ పని నేనే చేశాను. ఆ రోజు నుంచి వైద్యులను, రసాయనశాస్త్రం చదివిన మిత్రులను అడిగి తెలుసుకున్న విషయాలను, మరొక ఇంట్లో ఇలాంటి పొరపాటు జరగకూడదన్న ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాను.

మరగబెడితే పోనివి

నీటిని మరగబెట్టడం మంచి అలవాటే. దానివల్ల కలరా, టైఫాయిడ్, విరేచనాలు కలిగించే సూక్ష్మక్రిములు నశిస్తాయి. కాని సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, నైట్రేటు, ఫ్లోరైడు వంటివి ప్రాణులు కావు, చావడానికి. నీరు ఆవిరైపోతుంది, అవి గిన్నెలోనే మిగులుతాయి. అంటే ఎక్కువసేపు మరిగించినకొద్దీ మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. పటికతో బురద తేరుతుంది, క్లోరిన్ బిళ్ళతో క్రిములు చస్తాయి. ఈ రసాయనాల విషయంలో మాత్రం వాటిని నమ్ముకోలేము.

నైట్రేటు పెద్దలకు అంతగా హాని చేయని మోతాదులోనే ఆరు నెలలలోపు శిశువుకు ప్రాణాంతకం కావచ్చు. అది శరీరంలో నైట్రైటుగా మారి, రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని ఆ పనికి పనికిరాకుండా చేస్తుంది. అందుకే బిడ్డ నీలంగా మారుతుంది. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణం నిర్దేశిస్తున్నది. ఇది పరిశ్రమల వ్యర్థాల నుంచే కాదు, మరుగుదొడ్డి గుంతల నుంచీ, పొలాల్లో చల్లే ఎరువుల నుంచీ కూడా భూగర్భజలంలోకి చేరుతుంది. కాబట్టి పాపకు చికిత్స చేసిన వైద్యుడు, పరీక్షలు పూర్తి కాకుండా ఎవరి మీదా నింద వేయవద్దని మమ్మల్ని హెచ్చరించారు. అపనింద కూడా పాపమే గనుక ఆ హెచ్చరికను మేము శిరసావహించాము.

నేల అడుగున జరిగేది

ఫ్యాక్టరీ వెనుక గుంతలో పోసిన వ్యర్థం అక్కడే ఇంకిపోయిందని మనం అనుకుంటాము. నిజానికి దాని ప్రయాణం అక్కడే మొదలవుతుంది. వాన కురిసిన ప్రతిసారీ అది కొంత కొంత కిందికి దిగుతుంది. సీసం వంటి లోహాలు చాలావరకు పైమట్టిని పట్టుకొని దశాబ్దాల తరబడి అక్కడే ఉంటాయి. లవణాలు, నైట్రేటు, కొన్ని ద్రావకాలు నీటితోపాటు సులభంగా లోతుకు పోతాయి. మన తెలంగాణ నేల అడుగున ఉన్నది ఎక్కువగా గట్టి రాతిపొర. అందులో నీరు పగుళ్ళ వెంబడి నడుస్తుంది. కనుకనే ఒక ఇంటి బోరు బాగుండి, నలభై గజాల దూరంలోని మరొక బోరు చెడిపోవచ్చు. పొరుగింటివారు తాగుతున్నారు కదా, మనకేమవుతుందన్న వాదనకు ఇక్కడ విలువ లేదు.

వాగులోని మురుగు ఒక వరదకు కొట్టుకుపోవచ్చు. భూగర్భజలం కదలిక మందగతి. ఒకసారి చెడితే అది బాగుపడటానికి ఒక తరం కూడా చాలకపోవచ్చు.

పటాన్‌చెరు చెప్పిన పాఠం

హైదరాబాదుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ముంబయి రహదారిపై ఉన్న పటాన్‌చెరులో డెబ్బయ్యవ దశకం నుంచి పరిశ్రమలు వెలిశాయి. దాని వెంట బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం విస్తరించాయి. వేలాది కుటుంబాలకు వాటివల్ల అన్నం దొరికింది. ఔషధాల ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలు అక్కడ అధికం. లోకానికి స్వస్థత పంచే మందులు తయారైన చోటనే వాగులు, చెరువులు రోగగ్రస్తం కావడం ఈ కథలోని విషాదం. వ్యర్థజలాలు నక్కవాగులో చేరి, మంజీరా నది వైపు సాగాయి. వాగు నీటితో వరి పండించిన రైతుల పొలాలు చెడిపోయాయి, పశువులు జబ్బు పడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ వచ్చిన డాక్టర్ కిషన్ రావు వంటివారు రోగుల బాధను చూసి ఊరుకోలేక ఉద్యమించారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టు గడప ఎక్కింది. తదుపరి సంవత్సరాల్లో హైకోర్టుకు, అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. మొత్తం ఇరవై ఐదేళ్ళకు పైబడిన న్యాయపోరాటం అది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధనను ప్రచురించింది. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. శుద్ధి అయిన తరువాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది అధికం! పరిసర గ్రామాల బావి నీటిలో సైతం మందుల జాడలు కనిపించాయని ఆ తదుపరి పరిశోధన తెలిపింది. ఇలాంటి నీటిలో బ్రతకడం నేర్చుకున్న క్రిములు రేపు మనిషి శరీరంలో చేరితే, అప్పుడు వైద్యుడి చేతిలోని మందు పనిచేయదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచి చూసి, 70 అంకెను దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించింది. పటాన్‌చెరు-బొల్లారం అందులో ఒకటి, విశాఖపట్నం మరొకటి.

శరీరంలోకి చేరితే

ఈ విషాలలో చాలావాటి లక్షణం నిదానం. ఒక గ్లాసు నీటితో ఎవరూ కూలిపోరు. రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి చేరుతాయి.

సీసం అన్నింటికన్నా ముందు పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. చదువులో వెనుకబాటు, చికాకు, నిలకడలేమి దాని ఫలితాలు. పిల్లలకు ఫలానా మోతాదువరకు ప్రమాదం లేదని వైద్యశాస్త్రం దేనినీ నిర్ణయించలేదు. ఎముకల్లో నిలవ ఉండి, గర్భం దాల్చినప్పుడు తల్లి రక్తంలోకి వెలువడి బిడ్డను చేరగలదు. ఖుర్ఆన్ కంఠస్థం చేయలేక దెబ్బలు తినే పిల్లవాడిని చూసినప్పుడల్లా, ఇతడు తాగే నీళ్ళెలాంటివో అని ఇప్పుడు నాకు అనుమానం కలుగుతున్నది. ఉపాధ్యాయ సోదరులు ఈ మాటను మనసులో ఉంచుకోవాలి.

ఆర్సెనిక్ వల్ల చర్మంపై మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టి కాయలు ఏర్పడతాయి. దీర్ఘకాలంలో చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయంలో క్యాన్సర్‌కు అది కారణం కాగలదు. కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను క్షీణింపజేస్తుంది. తోళ్ళ శుద్ధి, లోహపు పూతల పరిశ్రమల నుంచి వచ్చే ఒక రకం క్రోమియం క్యాన్సర్ కారకం. కొన్ని రసాయన ద్రావకాలు కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇవి ఎంత స్వల్ప మోతాదులో హానికరమో గ్రహించాలంటే త్రాగునీటి ప్రమాణాన్ని చూడండి: లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము మించరాదు. ఇంత స్వల్పమైనదాన్ని మన కన్ను, ముక్కు, నాలుక పసిగట్టలేవు.

మట్టి మాటకొస్తే జపాన్ దేశపు తొయామా ప్రాంతాన్ని చెప్పుకోవాలి. అక్కడ జిన్‌జూ నదికి ఎగువన ఉన్న గని నుంచి కాడ్మియం నీటిలో కలిసి, ఆ నీటితో పారిన వరిపొలాల్లో చేరింది. ఆ బియ్యం తిన్నవారిలో, ముఖ్యంగా పలుమార్లు ప్రసవించిన నడివయసు స్త్రీలలో, ఎముకలు పెళుసెక్కి చిన్నపాటి కదలికకే విరిగేవి. రోగులు అమ్మో, అబ్బో అని మూలిగే మాటే ఆ వ్యాధికి పేరైంది: ఇతాయి-ఇతాయి. 1968లో జపాన్ ప్రభుత్వం దానిని కాలుష్యజనిత వ్యాధిగా గుర్తించింది. ఆ పొలాల మట్టిని బాగుచేసే పని 2012 వరకు, అంటే ముప్పై ఏళ్ళకు పైగా సాగింది. వరి అన్నమే ఆహారమైన మనం ఈ ఉదంతాన్ని మరువరాదు.

షరీఅత్ దృష్టిలో

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం. నీరు వుజూకు చెల్లడం ఒక విషయం, త్రాగడానికి క్షేమకరం కావడం మరొక విషయం. రంగు, రుచి, వాసన అనే మూడు గుర్తులు అపవిత్రతను నిర్ణయించడానికి ఉద్దేశించినవి. విషం సంగతి వాటి పరిధిలోనిది కాదు. ప్రాణరక్షణ షరీఅత్ పరమలక్ష్యాలలో ఒకటి. హాని కలిగించేదని నిజాయితీగల నిపుణుడు చెప్పిన తరువాత ఆ నీరు తాగడం, పిల్లలకు తాగించడం ధర్మసమ్మతం కాదు.

మరి కలుషితం చేసేవాడి సంగతేమిటి? నీళ్ళరేవులో, బాటలో, జనం సేదదీరే నీడలో మలవిసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) శాపకారకమైన పనిగా హెచ్చరించారు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జనను కూడా నిషేధించారు. ఒక మనిషి విసర్జించేది కొద్ది రోజులలో మట్టిలో కలిసిపోయేదే! తరాల తరబడి చెదరని రసాయనాన్ని రాత్రివేళ ట్యాంకరుతో తెచ్చి చెరువులో వదలడం ఇంకెంత ఘోరమో ఊహించండి.

మన ధర్మశాస్త్రవేత్తలు దీని గురించి ఆలోచించనే లేదని అనుకోవద్దు. బావి చుట్టూ కొంత మేర రక్షిత స్థలంగా విడిచిపెట్టాలని వారు నిర్ణయించారు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఉస్మానీ రాజ్యంలో కూర్చిన ‘మజల్లా’ అనే ధర్మస్మృతిలో, ఒకడి మురుగుగుంత వల్ల పొరుగువాని బావి నీరు చెడితే ఆ హానిని తొలగించాలనీ, అది వీలుకాకపోతే గుంతనే పూడ్చివేయాలనీ ఉన్నది. మన సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్చడి గ్రామపు కేసులో ఇంచుమించు ఇదే న్యాయాన్ని చెప్పింది. అక్కడ రసాయన కర్మాగారాల వ్యర్థంతో బావుల నీరు రంగు మారి, మనుషులకు, పశువులకు, పైరుకు పనికిరాకుండా పోయింది. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని న్యాయస్థానం తీర్పునిచ్చింది.

బియ్యం బస్తాల పరీక్ష

పాఠం చెప్పడం తేలిక, ఆచరణ కష్టం. పాప సంఘటన తరువాత మదరసా బోరు నీటిని కూడా పరీక్షకు పంపాము. లవణాలు, సీసం పరిమితిని మించి ఉన్నాయి. కమిటీ సమావేశమైంది. మా పరిసరాల్లోని ఒక ఫ్యాక్టరీ యాజమాన్యం ప్రతి రమజానులో మదరసాకు బియ్యం బస్తాలు పంపేది. సంగతి తెలిసి, కొత్తగా నీటి శుద్ధి యంత్రం కూడా ఇస్తామని కబురు చేసింది. మా విద్యార్థుల తండ్రులు కొందరికి అక్కడే కొలువు. “ఫిర్యాదు చేస్తే బియ్యం ఆగుతుంది, కొలువులూ పోతాయి. మౌనంగా యంత్రం తీసుకుందాం” అన్నారు కొందరు పెద్దలు. వారి భయం అకారణమైనది కాదు. యాభై మంది పిల్లల అన్నం అది.

నేను ఒక్కమాటే అడిగాను: “యంత్రం మన పిల్లలను కాపాడుతుంది. గోడ అవతలి ఇళ్ళ పిల్లల మాటేమిటి? వారిలో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. పొరుగువారి హక్కు గురించి మనం చెప్పే ప్రసంగాలన్నీ ఎక్కడికి పోవాలి?” చివరకు ఊరి పంచాయతీ పెద్దలతో కలిసి, ఎవరి పేరూ ఎత్తకుండా, పరిసరాల బోర్లన్నీ పరీక్షించి కారణాన్ని నిగ్గుతేల్చవలసిందని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాము. ఫలితం వచ్చేవరకు ఆ కానుకలు స్వీకరించలేమని మర్యాదగా తెలియజేశాము. అధికారులు వచ్చి నమూనాలు తీసుకువెళ్ళారు, నివేదిక ఇంకా అందలేదు. ఈ రమజానులో ఆ బియ్యం రాలేదు. పస్తు మాత్రం ఉండలేదు, ఊరివారే గంపలతో తెచ్చి పోశారు. వారిలో ఆ పాప తాతగారూ ఉన్నారు.

ఇంటింటా పాటించవలసినవి

మిషన్ భగీరథ వంటి శుద్ధిచేసిన నదీజలం కుళాయికి వస్తూంటే త్రాగడానికీ, వంటకూ దానినే వాడండి. బోరు నీటిని ఇతర పనులకు ఉంచండి.

శిశువుకు తల్లిపాలే శ్రేష్ఠం. దైవగ్రంథం రెండేళ్ళ పాలు పట్టే గడువును ప్రస్తావించింది. తల్లి తాగిన నీటిలోని నైట్రేటు పాలలోకి చేరేది అతి స్వల్పం. తప్పనిసరై డబ్బాపాలు పడితే, పరీక్షించని బోరు నీరు కలపకండి.

గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించండి. సాధారణ పరీక్షలో లోహాలు ఉండకపోవచ్చు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం చూడమని ప్రత్యేకంగా అడగండి. సీసా వారివద్దనే తీసుకొని, వారు చెప్పిన పద్ధతిలోనే నింపండి.

ఆర్.ఓ. యంత్రం చాలావరకు లోహాలను, నైట్రేటును తొలగిస్తుంది. అయితే దాని పొరను వేళకు మార్చాలి. అది విడిచే నీటిని త్రాగకూడదు.

ఫ్యాక్టరీల నుంచి చవకగా వచ్చే నీలిరంగు రసాయన డ్రమ్ములలో త్రాగునీరు, ధాన్యం నిలవ చేయకండి. ఎంత కడిగినా అవి ఇందుకు పనికిరావు. ఫ్యాక్టరీలో పనిచేసే సోదరులు ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చి, ఆ తరువాతే పిల్లలను ఎత్తుకోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి.

మురుగునీటితో పండిన ఆకుకూరలకు దూరంగా ఉండండి. మట్టిలో ఆడిన పిల్లలచేత అన్నానికి ముందు చేతులు కడిగించండి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది కనుక పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు లోటు లేకుండా పెట్టండి.

లోహాలు, నైట్రేటు కలిసిన నీటితో వుజూ చేస్తే అవి చర్మం ద్వారా చేరేది స్వల్పమే. పుక్కిలించిన నీటిని మాత్రం మింగకండి. నీటికి మందుల వాసనో, పెట్రోలు వాసనో వస్తూంటే స్నానానికి కూడా వాడవద్దు.

చెరువులోకి వ్యర్థం వదలడం చూస్తే తేదీ, సమయం వ్రాసి, ఫోటో తీసి కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా తెలపండి. హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించదలిస్తే గడువు ఉన్నదని గుర్తుంచుకోండి: వివాద పరిష్కారానికి ఆరు నెలలు, నష్టపరిహారానికి ఐదేళ్ళు.

ఈ యేడు కూడా నీటి అధ్యాయంతోనే పాఠం మొదలుపెట్టాను. మూడు గుర్తులూ వల్లె వేయించాను. తరువాత ఆ విద్యార్థిని నిలబెట్టి, ప్రయోగశాల ఇచ్చిన కాగితాన్ని తరగతికి చదివి వినిపించమన్నాను. వాడు సీసం దగ్గర ఆగి, “హజ్రత్, ఇది పరీక్షలో వస్తుందా?” అని అడిగాడు. వస్తుందన్నాను. ప్రళయదినాన అల్లాహ్ ఎదుట అనుగ్రహాల గురించి లెక్క అడిగినప్పుడు చల్లని నీరు కూడా ఆ లెక్కలో ఉంటుందని మనకు తెలుసు కదా!

తెలియని చోట అడిగి తెలుసుకునే వినయాన్నీ, తెలిసిన తరువాత నోరు విప్పే ధైర్యాన్నీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.